రెండు వేల గొంతులు

గోల్ పడ్డాక అరిచేది టేపు. పడబోతోందని ముందే పసిగట్టి లేచేది జనం. ఈ తేడా నా చెవికి పట్టుబడింది 2020లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఖాళీ స్టేడియాల్లో సాగుతున్న రోజుల్లో.

కరోనా వల్ల మార్చిలో ఆగిపోయిన ప్రీమియర్ లీగ్ ఆ ఏడాది జూన్ 17న మళ్లీ మొదలైంది. ప్రేక్షకులకు ప్రవేశం లేదు. టీవీ వాళ్లు ఫిఫా వీడియో గేమ్ కోసం రికార్డు చేసి ఉంచిన జనం హోరును తెచ్చి ఆటకు జోడించారు. మీట దగ్గర కూర్చున్న మనిషి ఎంత చురుకైనవాడైనా చూసిన తర్వాతే నొక్కాలి గదా! అందుకే ఆ హోరు ఆటకు రెప్పపాటు వెనకగానే వినిపించేది. జర్మనీలో బొరూసియా మోంషెన్‌గ్లాడ్‌బాఖ్ అభిమానులు తలా 19 యూరోలు కట్టి, తమ ఫొటోలతో చేసిన అట్టబొమ్మలను స్టేడియంలో నిలబెట్టించుకున్నారు. తాము వెళ్లలేకపోతే కనీసం తమ బొమ్మయినా అక్కడ ఉండాలన్న ఆ ఆరాటం నన్ను కదిలించింది.

నేను అభిమానించే లివర్‌పూల్‌కు ఆ వేసవి మరీ విచిత్రంగా గడిచింది. ముప్ఫయ్యేళ్లుగా ఎదురుచూసిన లీగ్ టైటిల్ జూన్ 25న ఖాయమైంది. జూలై 22న సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో కప్పు అందుకున్నారు. పాటలకు పేరుపడ్డ కాప్ స్టాండులోనే వేదిక కట్టారు. చుట్టూ సీట్లన్నీ ఖాళీ. సీజన్ టికెట్టుతోపాటు ఆశ కూడా తాత నుంచి మనవడి దాకా నడిచే ఊరది. పందిరి వేసి, పెళ్లి చేసి, చుట్టాలను మాత్రం వీధి గుమ్మం బయటే ఆపేసినట్టయింది.

అయినా తలుపులు మూయడం తప్పని నేననను. తెరిచి ఉంచితే ఏమవుతుందో ఆ మైదానానికి అప్పటికే తెలుసు. మార్చి 11న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించిన రోజునే, అక్కడ అట్లెటికో మాడ్రిడ్‌తో మ్యాచ్ జరిగింది. యాభై వేలకు పైగా జనం. స్పెయిన్‌లో అప్పటికే లీగ్ మ్యాచ్‌లకు ప్రేక్షకులను ఆపేశారు. మాడ్రిడ్ నుంచి మాత్రం దాదాపు 3,000 మంది ఇక్కడికి వచ్చారు. సొంత ఊళ్లో చూడకూడని ఆటను పరాయి ఊళ్లో భుజం భుజం రాసుకుంటూ చూశారు. తప్పు వాళ్లది కాదు. టికెట్టు చేతిలో ఉంది, గేటు తెరిచి ఉంది, వెళ్లారు. గేటు తెరవాలా వద్దా అన్నది ఆలోచించాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

గేటు అనగానే లివర్‌పూల్ జనానికి గుండె కలుక్కుమంటుంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. బయట తోపులాట పెరుగుతుంటే పోలీసులు ఒక గేటు తెరిపించారు. లోపల ఇనుప కంచెల మధ్య అప్పటికే కిక్కిరిసి ఉన్న చోటికే జనం వెళ్లి పడ్డారు. 97 మంది ప్రాణాలు పోయాయి. నెపం అభిమానుల మీదికే నెట్టారు. ఆ అబద్ధాన్ని తుడిచేయడానికి కుటుంబాలు 27 ఏళ్లు పోరాడితే, 2016లో జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధ హత్యలేనని, అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. ఆ దుర్ఘటన తర్వాతే ఇంగ్లండ్ పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే చోట్ల సీట్లు వచ్చాయి. కాప్‌లో 1994లో వచ్చాయి. అందుకే ఆ ఊళ్లో ఎంతమందిని, ఏ దారిన లోపలికి పంపాలన్న ప్రశ్న కాగితం మీది నిబంధనగా మిగలదు. ఇంటింటి కథ అది.

ఈ నేపథ్యంతో చూస్తే 2020 డిసెంబరు 6 నాకు మామూలు తేదీ కాదు. అంతకు నాలుగు రోజుల ముందు ఇంగ్లండ్‌లో రెండో లాక్‌డౌన్ ముగిసింది. ప్రాంతాలను మళ్లీ మూడు అంచెలుగా విడదీశారు. వ్యాధి తక్కువగా ఉన్నచోట స్టేడియానికి 4,000 మంది, మధ్యస్థంగా ఉన్నచోట 2,000 మంది, తీవ్రంగా ఉన్నచోట ఒక్కరు కూడా వద్దు. అక్టోబరులో దేశంలో అందరికన్నా ముందు మూడో అంచెలో పడిన లివర్‌పూల్, నవంబరులో సైన్యం సాయంతో లక్షణాలు లేనివాళ్లకూ పరీక్షలు చేయించి, రెండో అంచెకు దిగింది. పొరుగునున్న మాంచెస్టర్‌కు ఆ భాగ్యం లేకపోయింది. అప్పట్లో యాభై మూడు వేలకు పైగా పట్టే ఆన్‌ఫీల్డ్‌లో 2,000 మందికి చోటు. ఎవరెవరికన్నది లాటరీ తేల్చింది. ముఖానికి మాస్కు, ఇచ్చిన సమయానికే రావడం, చూపిన సీట్లోనే కూర్చోవడం. అవతలి జట్టు అభిమానులకు ప్రవేశం లేదు.

వుల్వ్స్‌తో మ్యాచ్. మనకు అర్ధరాత్రి దాటి ముప్పావు గంట. ఆట మొదలయ్యే ముందు ఆ కొద్దిమందీ క్లబ్బు పాట అందుకున్నారు. 24వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు హెండర్సన్ దూరం నుంచి సహచరుడు సలా వైపు బంతి పంపాడు. వుల్వ్స్ డిఫెండర్ కోడీ దాన్ని ఛాతీతో అదుపు చేయబోయాడు, చిక్కలేదు. సలా ఇంకా బంతిని తన్నలేదు. స్టాండులో గుప్పున అరుపు లేచింది. ఆ తర్వాతే గోల్. అప్పుడు గుర్తుపట్టాను, ఇన్ని నెలలుగా ఆటలో ఏది తక్కువైందో. ఆశ పుట్టే చప్పుడది. దాన్ని ఏ స్టూడియో తయారు చేయగలదు?

లివర్‌పూల్ గోల్‌కీపర్ కెలెహర్‌కు అది తొలి ప్రీమియర్ లీగ్ మ్యాచ్, వయసు 22. అతను బంతి ఆపినప్పుడల్లా జనం పేరు పెట్టి అరిచి ధైర్యం చెప్పారు. వుల్వ్స్‌కు ఇచ్చిన పెనాల్టీని రిఫరీ తెర మీద చూసి వెనక్కి తీసుకుంటే గోల్ కొట్టినంత సంబరం చేశారు. చివరికి లివర్‌పూల్ 4–0తో గెలిచింది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. వ్యాధి మళ్లీ పెరిగి కొద్ది వారాల్లోనే గేట్లన్నీ మూతపడ్డాయి. 2021 మొదట్లో లివర్‌పూల్ సొంత మైదానంలో వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. క్లబ్బు చరిత్రలో అలా ఎన్నడూ జరగలేదు. డిఫెండర్ల గాయాలదీ అందులో పెద్ద వాటాయే. కానీ లీగ్ మొత్తంగా చూసినా ఆ సీజన్‌లో ఇంటి జట్లు 144 మ్యాచ్‌లు గెలిస్తే, బయటి జట్లు 153 గెలిచాయి. ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌లో అంతకుముందు ఏ సీజన్‌లోనూ బయటి జట్లది పైచేయి కాలేదు. మైదానం కొలతలు మారలేదు, గడ్డి మారలేదు. మారింది మనిషి లేకపోవడమే. మే 23న 10,000 మంది మధ్య లివర్‌పూల్ క్రిస్టల్ ప్యాలెస్‌ను ఓడించి ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కించుకుంది.

మన హైదరాబాద్‌కూ ఇలాంటి కథే ఉంది. కరోనా కాలంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే, దాదాపు మూసిన తలుపుల వెనకే సాగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌కు మాత్రం జనాన్ని రానిచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ అభిమానులు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ ఎఫ్‌సీ తొలిసారి విజేత అయింది. అలనాటి భారత ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ నడిచిన ఈ ఊరు తన కప్పును టీవీలోనే చూసింది. మళ్లీ గచ్చిబౌలిలో సొంత జట్టును కళ్లారా చూడటానికి ఆ అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆంక్షలు లేవు, స్టేడియాలు నిండుతున్నాయి. సంతోషమే. కానీ ఆ రోజుల్లో ప్రతి మనిషికీ ఒక సీటు, ఒక సమయం, ఒక గేటు ఉండేవి. ఫలానా మనిషి లోపలున్నాడని నిర్వాహకులకు తెలిసేది. ఆ శ్రద్ధను వ్యాధితోపాటే వదిలేసుకున్నాం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. తమ క్రికెట్ జట్టు గెలిచిందని మురిసి చూడ్డానికి వచ్చినవాళ్లు. వైరస్ భయంతో రెండు వేల మందిని ఒక్కొక్కరుగా లెక్కపెట్టగలిగిన వ్యవస్థలకు, లక్షల మంది వచ్చే రోజున లెక్కపెట్టడం చేతకాదంటే నేను నమ్మను. జనం లేని ఆట ఎంత పేలవంగా ఉంటుందో అందరం చూశాం. ఆ జనాన్ని క్షేమంగా లోపలికి తెచ్చి, క్షేమంగా ఇంటికి పంపడం కూడా ఆటలో భాగమే. అది చేతనైనవాళ్లే మ్యాచ్ నిర్వహించాలి.