చివరి వరుస

కారు కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు దాని ముఖం చూస్తారు. తరవాత స్టీరింగు పట్టుకుంటారు. ఆ పైన కప్పు అద్దం తెరిపించి ఆకాశం చూస్తారు. ఆకాశం చూడడానికి పాతిక లక్షలెందుకో నాకు తెలియదు గాని, మా వారు మాత్రం రెండుసార్లు తెరిపించి చూశారు. మూడో వరుసలోకి దూరి కూర్చున్నవాళ్ళు మాత్రం షోరూములో నాకొక్కరూ కనిపించలేదు. విచిత్రం కాదూ? మూడు వరుసల బండికి అంత ధర పెట్టేది ఆ చివరి వరుస కోసమే గదా! అయిదుగురికే అయితే చిన్న బండి చాలును.

మా ఇంట్లో లెక్కకు సరిగ్గా ఏడుగురం. మామయ్య, అత్తమ్మ, అత్తమ్మకు చెల్లెలైన చిన్నత్తమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు. మా నర్సంపేట నుంచి పెద్ద ఆస్పత్రికైనా, పెళ్ళి బట్టలకైనా గిర్నిబావి మీదుగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్ళి వరంగల్ చేరవలసిందే. 2025 సెప్టెంబర్ 22న పెద్ద కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్నది, 40 శాతానికి దిగింది. ఆ కబురు విన్న సాయంత్రమే మా ఇంట్లో మూడు పార్టీలు పుట్టాయి.

మామయ్యది టయోటా పార్టీ. 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాని చోట ఇన్నోవా వచ్చింది, ఏ పెండ్లికి పోయినా అదే బండి కనిపించేది, ఇక వేరే మాటెందుకని ఆయన వాదన. ఇప్పుడు ఆయన మనసు 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ మీద ఉంది. మా వారిది మహీంద్రా పార్టీ. ఎక్స్‌యూవీ 700 పేరుతో 2021లో వచ్చిన బండి, ఆ ఏడు నవంబరులోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నదని ఆయనకు గర్వం, తానే పరీక్ష రాసినట్టు. మా అబ్బాయిది టాటా సఫారీ. ఆ పేరు 1998 నాటిది. 2021లో కొత్త ఒంటితో మళ్ళీ వచ్చింది, 2023లో దానికీ అయిదు నక్షత్రాలు వచ్చాయి. మా అమ్మాయి తెల్లరంగు పార్టీ. నన్నెవరూ అడగలేదు. చిన్నత్తమ్మను అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

అడగకపోతే పోనీ అని నేను కంపెనీల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మొదట చూసింది పొడుగు. హైక్రాస్ 4755 మిల్లీమీటర్లు, మహీంద్రా 4695, సఫారీ 4668. అంటే మూడింటికీ మధ్య తేడా తొమ్మిది సెంటీమీటర్ల లోపే. కాని ఎడ్లబండి ఎక్కినవాళ్ళెవరినైనా అడగండి, మనిషి సుఖం బండి పొడుగులో లేదు, ఇరుసుకు ఎంత దూరంలో కూర్చున్నాడన్న దానిలో ఉంది. తోక మీద కూర్చున్నవాడు ప్రతి గుంతకూ ఎగురుతాడు. కార్లోనూ అంతే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం హైక్రాస్‌లో 2850 మిల్లీమీటర్లు, మహీంద్రాలో 2750, సఫారీలో 2741. నాలుగు అంగుళాల తేడా. నాలుగు అంగుళాలేగా అనుకోకండి. అరవై దాటిన మోకాలికి అది చాలా పెద్ద జాగా.

రెండోది దారి. మధ్య వరుసలో రెండు విడి సీట్లుంటే వాటి నడుమ నుంచి వెనకకు నడిచి వెళ్ళవచ్చు. బెంచీ సీటయితే దాన్ని మడవాలి, దానిమీది మనిషిని దింపాలి. మహీంద్రా, సఫారీలలో విడి సీట్లు తీసుకుంటే బండి ఆరుగురికే సరిపోతుంది. హైక్రాస్‌లో విడి సీట్లతోనే ఏడుగురు పడతారు, ఎందుకంటే చివరి వరుస ముగ్గురిది. ఆ ముగ్గురిలో ఇద్దరు పిల్లలైతే సుఖం, ముగ్గురూ పెద్దలైతే భుజాలు రాసుకుంటాయి.

మూడోది సామాను. మూడో వరుస నిలబెట్టి ఉండగా హైక్రాస్ డిక్కీ 300 లీటర్లు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాలతో లెక్కిస్తే పదిహేను. 2021 సఫారీకి కంపెనీ చెప్పిన అంకె 73 లీటర్లు. నాలుగు డబ్బాలు కూడా నిండవు. ఏడుగురు ఎక్కాక ఏడుగురి సంచులూ ఎవరి ఒళ్ళో ఉంటాయో ఊహించుకోవచ్చు.

అట్లాగని తూకమంతా ఒక వైపే మొగ్గదు. హైక్రాస్‌లో డీజిల్ లేదు. పెట్రోలు, లేదా పెట్రోలుకు కరెంటు మోటారు జోడించిన హైబ్రిడ్. హైబ్రిడ్ లీటరుకు 23.24 కిలోమీటర్లని పరీక్షశాల లెక్క, కొనేటప్పుడు మాత్రం జేబు బరువుగా ఉండాలి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే మిర్చి వ్యాపారికి డీజిలు మీదే మనసు పోవచ్చు. ఎవరి సంసారం వారిది.

నక్షత్రాల సంగతి కూడా కాస్త విడమర్చి చదివాను. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని ఎదురు అడ్డుకు గుద్దిస్తారు. ముందు సీట్లలో పెద్దల బొమ్మలుంటాయి, వాటి వెనక సీట్లో పసిపిల్లల బొమ్మలుంటాయి. 2023 అక్టోబరు 1న మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ పద్ధతీ అదే. మూడో వరుసలో పెద్దమనిషి బొమ్మ ఉండదు. ఆ నక్షత్రాలు మంచివే, వాటిని చూసే కొనాలి. కాని చివరి వరుస మనిషి పేరు ఆ లెక్కలో లేదు. అందుకని షోరూములో విడిగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. చివరి సీట్లకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? పక్క అద్దాల మీద పరచుకునే గాలిసంచి అక్కడి దాకా వస్తుందా? తల ఆనించే దిండు పైకి జరుగుతుందా? వెనక అద్దానికీ తలకూ మధ్య జానెడైనా జాగా ఉందా?

ఇది మధ్యతరగతి బాధ మాత్రమే, కోటి రూపాయలకు అటూ ఇటూ ఉన్న బండ్లలో ఉండదనుకుంటే పొరబాటు. ఎక్స్‌సీ 90 బండిలో మూడో వరుస 170 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఉన్నవారికని వోల్వో వారే చెప్పారు. అంటే అయిదడుగుల ఏడంగుళాలు. జీఎల్‌ఎస్‌లో 194 సెంటీమీటర్ల మనిషి కూడా కూర్చోవచ్చునని మెర్సిడెస్ వారన్నారు. ఆ బండి పొడుగేమో 5 మీటర్ల 20 సెంటీమీటర్లు, మా వీధిలో మలుపు తిరగదు. లెక్సస్ వారు 2017లో ఆర్‌ఎక్స్ అనే అయిదు సీట్ల బండికి ఇరుసుల దూరం పెంచకుండా తోక మాత్రం సాగదీసి, మూడో వరుస ఇరికించారు. కొన్నేళ్ళకు దాన్ని మానేసి, 2023లో మూడు వరుసల కోసమే టీఎక్స్ అనే వేరే బండి తెచ్చారు. ఎంత పెద్ద కంపెనీ అయినా చివరి వరుసను చివర్లో తలచుకుంటే అంతే మరి.

ఇంతకూ నాకీ పట్టుదల ఎందుకొచ్చిందో చెప్పాలి. 2026 జనవరి 28న మేడారం జాతర మొదలైంది. అద్దె బండి మాట్లాడుకుని మల్లంపల్లి, ములుగు మీదుగా బయల్దేరాం. చివరి వరుసలో చిన్నత్తమ్మ, ఆమె ఒళ్ళో తల్లులకిచ్చే బంగారం, అంటే బెల్లం మూట. ఆమెను అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. పెనిమిటి పోయి అక్క ఇంటికి వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది, పిల్లలు లేరు. పస్రా దగ్గర టీకి ఆగాం. అందరం దిగాం, చిన్నత్తమ్మ దిగలేదు. దిగాలంటే మధ్య సీటు మడవాలి. దానిమీద మా అమ్మాయి నిద్రపోతున్నది. "దూప లేదు బిడ్డా" అంది. టీ అందిద్దామంటే చివరి వరుస అద్దం కిందికి దిగే రకం కాదు. డిక్కీ తలుపు తెరిచి, సంచుల మీదుగా గ్లాసు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

మరుసటి నెలలో షోరూములకు వెళ్ళేటప్పుడు ఆమెను వెంట రమ్మన్నాను. "నేనెందుకు బిడ్డా, మీరు చూసుకోండ్రి" అంది. బలవంతాన తీసుకుపోయాను. మూడు బండ్లలోనూ చివరి సీటులో కూర్చోబెట్టి "ఎట్లున్నది చిన్నత్తమ్మా?" అని అడిగితే మూడుసార్లూ "మంచిగనే ఉన్నది" అనే చెప్పింది. ముప్ఫయ్యేళ్ళుగా దేనికైనా ఆమె జవాబు అదే. చల్లారిన అన్నానికీ అదే.

అంచేత మాట వినడం మాని, చూడడం మొదలుపెట్టాను. చేతిసంచీతో, ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగమన్నాను. ఒకదాంట్లో సీటు మడిచే పిడి ఆమె చేతికందలేదు. అమ్మకపు కుర్రాడు పరుగున వచ్చి మడిచాడు. ఆ కుర్రాడు మన వెంట జాతరకు రాడు గదా! ఇంకోదాంట్లో మోకాళ్ళు గడ్డాన్ని తాకాయి, వెనక్కి తిరిగి పిల్లిలా దిగవలసి వచ్చింది. మరోదాంట్లో సంచీ చంకన పెట్టుకుని, సీట్ల నడుమ నుంచి తానే నడిచి వచ్చి, కొంగు సవరించుకుంటూ కిందికి దిగింది. మా వారు గోడకానుకుని ఇదంతా చూస్తున్నారు. ఇంటికి వచ్చేదాకా నక్షత్రాల మాట ఎత్తలేదు.

ఏ బండిలో ఏది జరిగిందో చెప్పను. మా చిన్నత్తమ్మ ఎత్తు అయిదడుగులు లోపే, మీ ఇంటి మనిషి కొలత వేరు. ఆ వెనక సీటు ఏడాదికి నాలుగుసార్లే నిండేదైతే అయిదు సీట్ల బండి కొని, ఆ నాలుగుసార్లకు అద్దె బండి మాట్లాడుకోవడం లాభం. పిల్లలే కూర్చునేదైతే దారి గురించి అంత బెంగ అక్కరలేదు. పెద్దవాళ్ళు వారం వారం ఎక్కేదైతే మాత్రం ఆ పెద్దవాళ్ళనే తీసుకువెళ్ళి ఎక్కించి దించి చూడండి. మిట్టమధ్యాహ్నం వెళ్ళండి, ఏసీ వెనకదాకా వస్తుందో లేదో కూడా తేలిపోతుంది.

మా ఇంట్లో బయానా ఇంకా ఇవ్వలేదు గాని, ఒక మాట మాత్రం ఖాయమైంది. బండి ఏదైనా మధ్య వరుసలో ఒక సీటు చిన్నత్తమ్మది, చివరి వరుసలో ఎవరనేది మాకూ పిల్లలకూ వంతులు. మా అబ్బాయి తన కాళ్ళ పొడుగు చూపించి గోల పెట్టాడు. వాడి గోల సద్దుమణిగాక చిన్నత్తమ్మ నా దగ్గరికి వచ్చి, ఇన్ని నెలల్లో మొదటిసారి, కారు గురించి ఒక ప్రశ్న అడిగింది.

"రెండేండ్లకు మళ్ళ జాతర వస్తది గద బిడ్డా, ఆ డిక్కీల బెల్లం మూట పడుతదా?"