అమ్మ అందుకునే చోటు

మాది శంకరంపేట. మా నాయిన సంగీతం నేర్చుకున్నవారు కారు. అయినా రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన కీర్తన ఎత్తుకుంటే ఇల్లంతా సర్దుకొని కూర్చునేది. 1994 క్రిస్మసు రోజుల్లో అన్నయ్య ఎక్కడో అడిగి టేప్ రికార్డరు తెచ్చి, ఆ పాటలను మూడు క్యాసెట్లలో పట్టి ఉంచాడు. 1924లో క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి ఆ ఏడే 70 ఏళ్లు నిండాయి. అక్కడ ఆరాధనకు వెళ్లి వచ్చిన ఉత్సాహంలో నాయిన అలసట లేకుండా పాడారు.

నాయిన ప్రభువునందు నిద్రించి పన్నెండేళ్లయింది. పోయిన ఏడాది నుంచి అమ్మకు చూపు మందగించింది. బైబిలు చదువుకోలేకపోతున్నానని లోలోపల కుమిలిపోయేది. ఒకనాడు, "బిడ్డా, మీ నాయిన పాటలన్న ఇనిపియ్యరాదు?" అన్నది. పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటరు ఇంట్లో ఉంది. ఇదెంత పని అనుకున్నాను.

క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించడం నిజంగానే కష్టం కాలేదు. టేప్ రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు 'లైన్ ఇన్'కు ఒక వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో రికార్డు చేశాను. 60 నిమిషాల క్యాసెట్టు 'వేవ్' ఫైలుగా సుమారు 600 మెగాబైట్లు అయింది. ఎంపీత్రీగా మారిస్తే 60 లోపే.

ఏ ప్లేయరులో వినిపించాలన్న దగ్గర ఆలోచనలో పడ్డాను. 1997లో వచ్చిన విన్‌యాంప్ నా కాలేజీ రోజుల నేస్తం. పారిస్ విద్యార్థులు మొదలుపెట్టిన వీఎల్‌సీ దాదాపు ఏ ఫైలునైనా పాడుతుంది. చివరికి 2002లో వచ్చిన ఫూబార్ 2000ను ఎంచుకున్నాను. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది గాని, అందులో 'రీప్లేగెయిన్' అనే సదుపాయం ఉంది. అది ప్రతి పాట ధ్వనిని కొలిచి, ఒకటి గట్టిగా, ఒకటి సన్నగా కాకుండా అన్నిటినీ సమంగా వినిపిస్తుంది. మా మూడు క్యాసెట్లు మూడు తీర్లుగా ఉన్నాయి మరి.

ఇక అమ్మ కోసం మీటలు. కీబోర్డులో అన్నిటికంటే పొడవైనది స్పేస్ బార్. కళ్లు మూసుకున్నా చేతికి దొరుకుతుంది. అది నొక్కితే పాట మొదలయ్యేలా, మళ్లీ నొక్కితే ఆగేలా పెట్టాను. 'జె' అక్షరం మీద చిన్న గీత వేలికి తగులుతుంది. అది నొక్కితే తర్వాతి పాట. కంప్యూటరు వేయగానే ప్లేయరు దానంతటదే తెరుచుకునేలా కూడా చేశాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంకా బాగుండాలని, ఆడాసిటీలో 'నాయిజ్ రిడక్షన్' వాడి టేపు బుసను తుడిచేశాను. ప్లేయరులో నిశ్శబ్దాన్ని దాటవేసే పెట్టె కనిపిస్తే దానికీ టిక్కు పెట్టాను. నాయిన గొంతు అద్దంలా వినిపించింది. సంబరంగా అమ్మను కూర్చోబెట్టాను.

ఒక చరణం అయింది. అమ్మ నోరు తెరిచింది. అంతలోనే నాయిన రెండో చరణం ఎత్తుకున్నారు. అమ్మ ముఖం చిన్నబోయింది. "గింత తొందర ఎన్నడు పడ్డడు మీ నాయిన? నన్ను పాడనిస్తనే లేడు" అన్నది.

అప్పుడు గుర్తొచ్చింది. నాయిన ప్రతి చరణం తర్వాత ఆగేవారు. అక్కడ పల్లవిని అమ్మ అందుకునేది. రికార్డరు నాయిన ముందు ఉండేది. అమ్మ దూరంగా, గోడవారగా కూర్చొని మెల్లగా పాడేది. ఆ సన్నని గొంతును టేపు బుసతో పాటు నేనే తుడిచేశాను. మిగిలిన ఖాళీని నేను పెట్టిన టిక్కు మింగేసింది.

దేవుని దయవల్ల మొదటి వేవ్ ఫైళ్లను చెరపలేదు. ఆ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. బుస వెనుక అమ్మ గొంతు ఉంది! అప్పుడామె వయసు ఇప్పటి నా వయసు కన్నా తక్కువ. చాలాసేపు కదలలేకపోయాను. ఆ ఫైళ్ల నుంచే మళ్లీ ఎంపీత్రీలు చేశాను. టిక్కు తీసేశాను. ఈక్వలైజరులో పై స్వరాలను కొద్దిగా తగ్గించాను, బుస మరీ చెవికి గుచ్చుకోకుండా. అంతే.

మీ బీరువాలోనూ పాత క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయకండి. మొదటి రికార్డింగును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. మార్పులేవైనా నకలు మీదే చేయండి. వినేవారిని అడిగి చేయండి.

ఇప్పుడు రోజూ చీకటి పడగానే అమ్మ తడుముకుంటూ స్పేస్ బార్ నొక్కుతుంది. నాయిన చరణం పాడి ఆగుతారు. అమ్మ అందుకుంటుంది.