తొలివెలుగున నొక ఛాయాచిత్రము

మన యిండ్లలోని పెద్దలు పెండ్లిగుంపులలో పటము దిగుదురే గాని, తమకై తామొక పటము దిగుట యరుదు. మా యత్తగారికి డెబ్బదియేండ్లు నిండినను ఆమె యొక్కతెయే యున్న ఛాయాచిత్రము మా యింట లేదు. అందుచే జనవరిలో హైదరాబాదునకు బోయినపుడు తార్నాకలో బసచేసి, ఒక ఛాయాగ్రాహకురాలిని ముందుగనే కుదుర్చుకొంటిమి. వెల యెంత, పటము లెన్ని, అనుమతి పొందు బాధ్యత యెవరిది, అన్నియు నపుడే తేల్చుకొంటిమి.

ఆ మాసమున నచట సూర్యోదయము ఇంచుమించు 6-45 గంటలకు. అరగంట ముందే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల యెదుటికి చేరితిమి. మధ్యాహ్నపుటెండ కన్నులక్రింద నీడలు పఱచును. ఉదయకాంతి ముఖమును మృదువుగ తాకును. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరాతి భవనము మెల్లగా వెలుగొందెను.

ఈ జంటనగరములలోనే 1892లో లాలా దీనదయాళు ఘోషాస్త్రీలకై ప్రత్యేక చిత్రశాల తెఱచి, దానికొక యాంగ్లవనితను నియమించెను. నేడు మా యత్తగారు ఏ మఱుగును లేక, విద్యార్థినులు నడచు త్రోవలో నిలిచి, “ఈ వయస్సున నాకేల?” యనుచునే కొంగు సవరించుకొని తలయెత్తిరి.

చదువులచోటు గనుక, తరగతులు మొదలుకాకముందే మరలితిమి. సోదరీమణులారా, మీ పెద్దల రూపములను వారు చూచి సంతసించునపుడే నిలుపుకొనుడు.