నలుపూ తెలుపూ, ఐదు పాయింట్లూ

ఏడు మ్యాచ్‌లు. ఒక గెలుపు, రెండు డ్రాలు, నాలుగు ఓటములు. కొట్టిన గోల్స్ 3, తిన్న గోల్స్ 11. ఖాతాలో 5 పాయింట్లు. ఈ 2024 నవంబర్ మధ్యనాటికి కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ హాల్ ఇదీ. ఇండియన్ సూపర్ లీగ్‌లో మాకిది మొదటి సీజన్.

"మాకు" అని అలవాటుగా రాసేశాను. మౌలాలీలో ఇల్లు, కోల్‌కతాలో క్లబ్. ఈ రిష్తా ఎక్కడిదని చాలామంది అడుగుతారు. మా అబ్బా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేశారు. ఖరగ్‌పూర్ అంటే తెలిసినవాళ్లకు తెలుసు, బెంగాల్లో ఉన్న తెలుగు ఊరు. నేను పుట్టింది అక్కడే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బజార్లో బంగ్లా. మ్యాచ్ ఉన్న రోజు అబ్బా డ్యూటీ మార్చుకుని లోకల్ ఎక్కి హౌరా వెళ్లేవారు. అక్కణ్నుంచి హుగ్లీ దాటి మైదాన్‌కి. అర్ధరాత్రి తిరిగొస్తే అమ్మీ తలుపు తీస్తూ "జీతే క్యా?" అని ఒక్క ముక్క అడిగేదట. జవాబుని బట్టి అన్నం వడ్డించేటప్పుడు మాట్లాడాలో వద్దో తేల్చుకునేది.

రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. నలుపూ తెలుపూ మాతోనే వచ్చాయి.

కొన్నేళ్లుగా ఈ క్లబ్‌ని ప్రేమించడమంటే ఖబరస్తాన్‌కి వెళ్లి ఫాతిహా చదివి రావడం లాంటిదే. ఉన్నదంతా గతమే. 1891లో పుట్టిన క్లబ్. 1934లో కలకత్తా లీగ్ గెలిచింది. అంతకుముందు ఏ హిందుస్తానీ క్లబ్బూ ఆ లీగ్ గెలవలేదు, అన్నీ గోరావాళ్ల టీములే గెలిచేవి. ఒక్కసారితో ఆగలేదు, 1938 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. 1940లో దిల్లీలో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి డ్యూరాండ్ కప్ ఎత్తింది. పట్టాభిషేకాలన్నీ అయిపోయాక మిగిలిన నవాబులా తర్వాత దశాబ్దాలు గడిచాయి. 1981లో కలకత్తా లీగ్ గెలిచాక మళ్లీ గెలవడానికి 2021 దాకా పట్టింది. నలభై ఏళ్లు! అబ్బా ఉద్యోగమంతా కలిపినా అంతుండదు.

అలాంటిది, ఈ ఏడాది ఏప్రిల్ 6న, 26వ రోజా నాడు, మొహమ్మడన్ షిల్లాంగ్ లాజాంగ్‌ని 2-1తో కొట్టి ఐ-లీగ్ గెలిచింది. దాంతో ఐఎస్ఎల్‌లోకి దాఖలా. ఆ రాత్రే షబే ఖద్ర్. అబ్బా ముసల్లా మీద కూర్చుని దువాలో ఏమేం అడిగారో నాకు తెలీదు గానీ, సహరీ టైములో మాత్రం "మోహన్ బగాన్‌తో మ్యాచ్ ఎప్పుడుంటుంది?" అని అడిగారు.

సీజన్ మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 16న పడింది. రబీ ఉల్ అవ్వల్ 12. మీలాద్ రోజు! ఇక్కడ మర్నాడు గణేశ్ నిమజ్జనం ఉందని జులూస్‌ని 19కి జరిపారు. కాబట్టి ఆ సాయంత్రం గల్లీ కాస్త ఖాళీగానే ఉంది. కోల్‌కతాలో కిశోర్ భారతి స్టేడియం, ఎదుట నార్త్ ఈస్ట్ యునైటెడ్. ఏడున్నరకి మొదలు.

ఇక్కడ మేం మ్యాచ్ చూసే తరీఖా చెప్పాలి. షుగర్ వల్ల అబ్బాకి చూపు బాగా మందగించింది. టీవీ దగ్గరగా జరిగి కూర్చున్నా గడ్డి పచ్చదనం తెలుస్తుందంతే. అందుకని నేను ఫోన్‌లో చూస్తాను, ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కామెంటరీ వింటారు. కానీ ఇప్పటి కామెంటరీ రేడియో కామెంటరీ కాదు. బొమ్మ కనిపిస్తోంది కదా అని వాళ్లు ఆటగాడి పాత క్లబ్బుల గురించి, కోచ్ మాటల గురించి చెప్పుకుంటూ పోతారు. బంతి ఎక్కడుందో చెప్పరు. నిమిషానికోసారి అబ్బా ఒక చెవిలోది తీసి అడుగుతారు, "బాల్ కిధర్ హై?" ఎడమవైపు అబ్బా. సెంటర్లో అబ్బా. వాళ్ల దగ్గర అబ్బా. రేడియోలో అయితే గుడ్డివాడు కూడా బంతి వెంట పరుగెత్తేవాడని ఆయన ఫిర్యాదు. జాయజ్ ఫిర్యాదే.

ఆ రోజు తొంభై నిమిషాలు 0-0. పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్‌కి అదేం చిన్న సంగతి కాదు. ఇంజురీ టైమ్‌లో నార్త్ ఈస్ట్ ఆటగాడు అజరాయి గోల్ కొట్టాడు. ఓడిపోయాం. సెప్టెంబర్ 21న గోవాతో మ్యాచ్‌లో అలెక్సిస్ గోమెజ్ పెనాల్టీ కొట్టి మాకు మొదటి గోల్ ఇచ్చాడు. నేను లేచి నిలబడ్డాను, మా అబ్బాయి ఈల వేశాడు. మళ్లీ ఇంజురీ టైమ్‌లోనే సదీకు సమం చేశాడు. 1-1.

దీన్ని నసీబ్ అనేవాళ్లున్నారు. నేననను. రెండు మ్యాచ్‌ల్లోనూ చివరి పది నిమిషాలు మా వాళ్లు గోల్ ముందు గోడలా పేరుకుపోయారు. బంతి ముందుకు కొట్టి ఊపిరి తీసుకునేవాడే లేడు. ఐ-లీగ్‌లో అలా నిలబడితే చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. అబ్బా మాత్రం ఒకటే అన్నారు. "సబర్ అంటే కూర్చోవడం కాదు బేటా, కాళ్లు కదుపుతూ ఉండటం."

సెప్టెంబర్ 26, చెన్నయిన్ ఎఫ్‌సీతో వాళ్ల గ్రౌండ్‌లో. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా మామూ కొడుకుని బతిమాలి స్టేడియానికి పంపాను. వాడికి క్రికెట్ తప్ప ఏదీ తెలీదు. "భాయ్, ఇక్కడ నలుపూ తెలుపూ జెండాలు పట్టుకుని నలుగురే ఉన్నారు, నేను ఐదోవాణ్ని" అని మెసేజ్ పెట్టాడు. మొదటి సగంలో మిజోరం కుర్రాడు లాల్‌రెమ్‌సాంగా ఫనాయ్ గోల్ కొట్టాడు. 1-0. ఇక మిగిలిన సమయమంతా అబ్బా "బాల్ కిధర్ హై" అని అడగలేదు. ఒకటే ప్రశ్న, "కిత్నే మినిట్?" విజిల్ వేశాక ఆయన అల్‌హమ్‌దులిల్లాహ్ అని ఇయర్‌ఫోన్లు చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఐఎస్ఎల్‌లో మొదటి గెలుపు. ఆ రాత్రి ఇషా ఎంత ఇత్మినాన్‌గా చదివామో!

తర్వాతవి తొందరగా దాటేస్తాను. అక్టోబర్ 5న మోహన్ బగాన్‌తో 0-3, మూడూ ఫస్ట్ హాఫ్‌లోనే. అక్టోబర్ 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఖాసిమోవ్ పెనాల్టీతో ముందుకెళ్లి, 1-2తో ఓడాం. ఆ రోజు ఓటమి కన్నా వేరే సంగతి బాధపెట్టింది. స్టాండ్స్‌లోంచి మా వాళ్లు సీసాలు విసిరారు, ఆట ఆగింది. రెఫరీ పెనాల్టీ ఇవ్వలేదని కోపమట. కేరళ నుంచి వచ్చిన అభిమానులు మెహమాన్లు. మెహమాన్ మీద సీసా విసిరే జజ్బా నాకొద్దు. ఆ నలుపూ తెలుపూ చొక్కా మీద చాంద్ తారా ఉంది, దాన్ని తొడుక్కున్నవాడు ఏం చేసినా చూసేవాళ్లు ఆ గుర్తునే గుర్తుపెట్టుకుంటారు. ఇది న్యాయం కాదు, కానీ ఉన్నది అదే.

అసలు సంగతికి వస్తాను. పేరు.

ఆఫీసులో ఒక మిత్రుడు నా ఫోన్ చూసి అడిగాడు, "మొహమ్మడన్ అంటే మీ మతం టీమా?" చెడు మనసుతో అడగలేదు. నేను టీమ్ షీట్ తీసి చూపించాను. గోల్‌లో పదమ్ ఛెత్రీ. గోల్ కొట్టేది లాల్‌రెమ్‌సాంగా. అర్జెంటీనా గోమెజ్, ఉజ్బెకిస్తాన్ ఖాసిమోవ్, ఫ్రాన్స్ ఓగియే. కోచ్ రష్యా మనిషి చెర్నిషోవ్. "మరి మీకెందుకంత ఇది?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తాను, ఇక్కడైతే మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇండియా-పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు టీవీ కన్నా నా ముఖాన్ని ఎక్కువ చూసే కళ్లు నాకు తెలుసు. మీకూ తెలుసు. ఇండియా గెలిస్తే చప్పట్లు కొడతాను, దిల్‌తోనే కొడతాను. కానీ కొడుతున్నప్పుడే లోపల ఒక లెక్క నడుస్తుంది. తక్కువ కొట్టానా? ఎక్కువ కొట్టి నటిస్తున్నట్టు కనిపించానా? ఓడితే మౌనంగా ఉండటానికీ లేదు, మౌనానికి కూడా అర్థాలు తీస్తారు. చిన్నప్పుడు స్కూల్లో మొదలైన ఈ లెక్క యాభై దాటినా ఆగలేదు.

మొహమ్మడన్ మ్యాచ్‌కి ఆ లెక్క లేదు. ఇది కోల్‌కతా క్లబ్, హిందుస్తానీ లీగ్, ఎదుట ఆడేది చెన్నై, గోవా, గువాహటి. ఓడితే ఏడుస్తాను. బూతులు రావు గానీ వస్తే తిడతాను కూడా. గెలిస్తే అరుస్తాను. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మా అబ్బాకి ఈ మాట చెబితే ఆయనకి అంతగా ఎక్కలేదు. మైదాన్‌లో వేలమంది మధ్య వానలో నిలబడి అరిచిన మనిషి ఆయన, అరుపుకి లెక్క ఉంటుందని ఆయనకి తోచదు. 

అక్టోబర్ 26, శనివారం. మొహమ్మడన్‌తో ఆడేది హైదరాబాద్ ఎఫ్‌సీ.

మా అబ్బాయిది హైదరాబాద్. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళని ఓడించి కప్ గెలిచిన రాత్రి వాడికి పదకొండేళ్లు. ఆ వయసులో పట్టుకున్న క్లబ్ వదలదు. పోయిన సీజన్ వాళ్ల టీమ్ అట్టడుగున మిగిలింది, పేరున్న ఆటగాళ్లంతా వెళ్లిపోయారు, అయినా వీడు పసుపు జెర్సీ వదల్లేదు. ఈ సీజన్‌లోనూ అప్పటికి ఒక్క గెలుపూ లేదు. "అబ్బూ, మన ఊరి టీమ్‌ని వదిలి కోల్‌కతా టీమ్ ఏంటి? మనది హైదరాబాద్ కదా?" అంటాడు. సవాల్ సరైనదే. నేను ఖరగ్‌పూర్ అంటే వాడికి అది దాదా చెప్పే కథల్లో ఊరు.

ఆ రోజు ఇంట్లో ముగ్గురం. ఒక చివర నేను, ఒక చివర పసుపు జెర్సీలో వాడు, మధ్యలో అబ్బా. అలన్ పౌలిస్తా గోల్. సాపిచ్ గోల్. మళ్లీ అలన్. పావుగంటలో మూడు! "బాల్ కిధర్ హై?" అని అబ్బా అడిగిన ప్రతిసారీ నేను చెప్పలేకపోయాను, వాడే చెప్పాడు. "మీ గోల్‌లో దాదా." రెండో సగం మొదట్లోనే పరాగ్ శ్రీవాస్ నాలుగోది కొట్టాడు. ముందు గంతులేసిన వాడు నాలుగోదానికి గంతు వేయలేదు. నా వైపు ఓ చూపు చూసి కూర్చున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. గెలిచినప్పుడు గంతు వేయాలి, నా ముఖం చూసి ఆగకూడదు. "వెయ్యరా" అన్నాను. వేశాడు. కింది పోర్షన్ వాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా వేశాడు.

మ్యాచ్ అయ్యాక వాడు దాదాని ఆట పట్టించబోయాడు. "దాదా, ఇప్పుడైనా హైదరాబాద్‌కి వచ్చెయ్యి."

అబ్బా ఇయర్‌ఫోన్లు తీశారు. "హబీబ్ పేరు విన్నావా?"

విన్నాడు. పోయినేడు ఆగస్టు 15న ముహమ్మద్ హబీబ్ ఇంతెఖాల్ అయినప్పుడు ఇంట్లో రెండు రోజులు అదే మాట. 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీమ్‌లో ఆడినవాడు, 1977లో ఈడెన్‌లో పెలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాడు.

"హబీబ్ ఏ ఊరివాడు?"

"హైదరాబాద్."

"మైదాన్‌లో నలుపూ తెలుపూ చొక్కాలో నేను చూసింది ఎవర్ని?"

వాడు జవాబు చెప్పలేదు. అబ్బా అంతటితో వదల్లేదు, రహీమ్ సాబ్ దాకా వెళ్లారు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారుచేసి, 1951లోనూ 1962లోనూ దేశానికి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈద్‌కి వచ్చిన మైదాన్ సినిమాకి వీడే అబ్బాని తీసుకెళ్లాడు, తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెబుతూ. కాబట్టి ఆ ఖిస్సా వాడికి కొత్త కాదు. అయినా విన్నాడు. చివరికి వాడన్నది ఒకటే, "అది సరే దాదా, 4-0 మాత్రం 4-0."

నిజమే. 4-0 మాత్రం 4-0.

నవంబర్ 9న ఈస్ట్ బెంగాల్. ఈ సీజన్‌లో అందరికన్నా హీనంగా ఉన్న టీమ్, అప్పటికి ఒక్క పాయింటూ లేదు. అరగంట కూడా కాకముందే వాళ్లలో ఇద్దరికి రెడ్ కార్డులు. తొమ్మిది మందితో మిగిలారు. గంటకు పైగా మా పదకొండు మంది వాళ్ల తొమ్మిది మంది మీద ఆడారు. బంతి అంతా మా దగ్గరే, గోల్ మాత్రం లేదు. 0-0. మోహన్ బగాన్‌తో 3-0 ఓటమి తట్టుకున్నాను గానీ, ఇది గొంతులో ముల్లులా ఉంది. క్రాస్ మీద క్రాస్ కొట్టడమే తప్ప ఇంకో ఆలోచన ఉన్నట్టు కనిపించలేదు. చెర్నిషోవ్ సాబ్‌కి నా మాట చేరదు, చేరితే చెప్పేదాన్ని.

నవంబర్ 27న బెంగళూరుతో మ్యాచ్. మళ్లీ కోల్‌కతాలోనే. ఫజర్ చదివాక రోజూ అబ్బా అడుగుతున్నారు, ఇంకా ఎన్ని రోజులని. ఆ లోపల ఇయర్‌ఫోన్లు కొనాలి. పాత జత ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రోజు ఎనభయ్యో నిమిషంలో గోడకేసి కొట్టారు.