నాలుగు సీట్లు, ఐదుగురం

బండికి తోలు మాది. ఎక్కి కూసునేది వాళ్ళు. మా తాత మోటబొక్కెనలు కుట్టిండు, ఎడ్లకు పలుపులు, బండికి వార్లు కుట్టిండు. దొర బండి ఊరు దాటుతుంటే ముందు ఉరికినోళ్ళల్ల ఆయన కూడా ఒకడు. తాను కట్టిన బండి మీద ఒక్కనాడు కూసోలేదు. మా నాయిన కాలానికి సైకిల్ వచ్చింది. దొరల గల్లీ రాంగనే దిగి నడిపించుకుంట పొయ్యేది. నా దాకా వచ్చేసరికి డిగ్రీ, బీఎడ్, సర్కారు బడిలో పంతులు నౌకరి, ఒక మోటార్ సైకిల్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు కారు కొనాలనుకుంటున్న.

"ఏ కారు సార్?" అని స్టాఫ్ రూంలో అడిగిన్రు. "ఫోర్ బై ఫోర్ చూస్తున్న" అన్న. ఒక పెద్దసారు నవ్విండు. "మీకెందుకు సార్ అసుంటి బండి? అవి ఫాంహౌస్‌లు ఉన్నోళ్ళు కొనేటివి." ఆయనకు అప్పుడు చెప్పని జవాబు ఇక్కడ చెప్తున్న.

మా ఊరు పరకాల పక్కనే. తారురోడ్డు ఊరి నడిమిట్ల దాకా వచ్చి ఆగిపోతది. అక్కన్నుంచి మా వాడకు మూడు ఫర్లాంగులు నల్లరేగడి. పత్తికి మంచి భూమి, కాలికి చెడ్డ భూమి. నా భార్యకు రెండో కాన్పు నొప్పులు వానాకాలంలో వచ్చినయ్. అంబులెన్సు తారు మీదనే నిలబడ్డది. మంచం మీద పండబెట్టి నలుగురం మోసినం. తల్లీ బిడ్డా బతికిన్రు. ఫోర్ బై ఫోర్ ఎందుకంటే అందుకు.

మామూలు కారులో ఇంజన్ బలం రెండు చక్రాలకే పోతుంది. బురదలో ఒక చక్రం జారి తిరుగుడు మొదలుపెడితే బండి ఉన్నకాడనే గుంత తవ్వుకుంటది. జిమ్నీ, థార్ అసుంటి బండ్లలో గేరు పక్కన ఇంకో కడ్డీ ఉంటుంది. దాన్ని వేస్తే ముందటి ఇరుసు, వెనుకటి ఇరుసు కలిసి తిరుగుతాయి. 'లో'లో వేస్తే వేగం తగ్గి, లాగే బలం పెరుగుతది. ఎండిన తారు మీద మాత్రం అది వాడొద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలె. రెంటినీ కట్టేస్తే లోపలి పండ్లచక్రాలు అరుగుతయ్. ఇంకోటి, ఈ బలం బండి కదలడానికే. బ్రేకు తొందరగా పడడానికి పనికిరాదు.

ఇగ లెక్కలు. నేను చెప్పేవి ఆ బండ్లు వచ్చిననాటి షోరూం ధరలు. మారుతి జిమ్నీ 2023 జూన్‌లో 12.74 లక్షల నుంచి మొదలైంది. ఆరు ఎయిర్‌బ్యాగులున్నయ్. సీట్లు నాలుగే. మేం ఐదుగురం: అవ్వ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. మూడు డోర్ల పాత జిమ్నీని 2018లో యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్దిచ్చి చూసి మూడు స్టార్లే ఇచ్చిన్రు. మూడు డోర్ల మహీంద్రా థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దలకు నాలుగు, పిల్లలకు నాలుగు స్టార్లు ఇచ్చింది. అందులోనూ నలుగురికే జాగ. ముందటి సీటు వంచి ఎనుకకు ఎక్కాలె. మోకాళ్ళు పట్టేసిన మా అవ్వ ఎట్లెక్కుతది?

2024 ఆగస్టులో థార్ రాక్స్ వచ్చింది. ఐదు డోర్లు, ఐదు సీట్లు. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు 32కు 31.09, పిల్లల భద్రతకు 49కి 45 మార్కులు. పంతులుకు అసుంటి మార్కులు చూస్తే కడుపు నిండుతది. ఫోర్ బై ఫోర్ రాక్స్ డీజిల్‌లోనే వచ్చింది. మొదటి ధరే 18.79 లక్షలు. కిస్తులు కట్టుకుంట పోతే పిల్లల చదువు పైసలు దానికే పోతయ్.

సేఫ్టీ అంటే ఎయిర్‌బ్యాగులే అనుకునేటోళ్ళకు ఒక ముచ్చట చెప్పాలె. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాలాలు అంటరాని మనిషిని ఎక్కించుకోమన్నరు. టాంగా తోలుడు రాని సొంతోడొకడు పగ్గాలు పట్టిండు. మోరీ కాడ చక్రం రాళ్ళల్ల ఇరుక్కుంటే బాబాసాహెబ్ అంబేద్కర్ రాతి మీద పడ్డడు. కాలు విరిగింది. ఆ ప్రమాదానికి ఎవరు కారణమో ఏ స్టార్లు చెప్పవు.

బండితోని అన్నీ దాటొచ్చనుకునేది కూడా లేదు. 2023 జులై 27న, పరకాల నుంచి భూపాలపల్లి పొయ్యే తొవ్వలో ఉన్న మోరంచపల్లి మీద మోరంచవాగు పడ్డది. జనం ఇండ్ల మీదికెక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళు దాటుతదని కంపెనీ మాట. అంటే మోకాలు మీది దాకా. అంతే.

అన్నీ చూసి మహీంద్రా ఎక్స్‌యూవీ త్రీ ఎక్స్‌ఓ కాడ ఆగిన. 2024 ఏప్రిల్‌లో 7.49 లక్షల నుంచి మొదలైంది. అన్ని రకాలల్ల ఆరు ఎయిర్‌బ్యాగులు, భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు, ఐదు సీట్లు. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండ్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. జిమ్నీ ఇంజన్ 1462 సీసీ కాబట్టి దానికి 40 శాతం. బలం రెండు చక్రాలకే గనుక మా బురద ఇది దాటదు. రాక్స్ కొంటే మా ఇల్లొక్కటే దాటుతది. పక్కింటి పిల్లకు నొప్పులొచ్చిననాడు నేను బడిలో ఉంటే మళ్ళీ మంచమే, మళ్ళీ నలుగురే.

అందుకే కారు బుక్ చేసేకంటే ముందు, వాడకు సీసీ రోడ్డు వేయమని దరఖాస్తు రాసిన. సంతకాలు, ఏలిముద్రలు కలిపి 62 అయినయ్. అవ్వ ఏలిముద్ర వేసుకుంట అన్నది: "కారు మన దర్వాజ ముందట నిలబడాలె బిడ్డా, తారు మీద గాదు."