పన్నెండు జాన్వర్ల తస్వీర్లు

మా మామూకి కడపలో పశువుల దాణా దుకాణం. ఏటా ఖాతాలున్నోళ్లందరికీ గోడ కేలండర్ పంచుతాడు. లక్ష్మీదేవి బొమ్మేస్తే మా బిరాదరీ ఇళ్లలో తగిలించరు. కాబా తస్వీరేస్తే తక్కినోళ్లు మర్యాదకు తీసుకుని చుట్టచుట్టి అటక మీద పెడతారు. అందుకని జాన్వర్లు. తెలుగు తిథులూ ఉర్దూ తారీఖులూ ఒకే కాయితం మీద, పైన ఓ ఎద్దో పొట్టేలో. ఎవరికీ ఎతరాజ్ ఉండదు.

మా నానీకి తప్ప. తస్వీర్ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారంటుంది. నమాజ్ చదివే గదిలో ఖిబ్లా వైపు గోడ ఖాళీగా ఉండాల్సిందే. కొడుకు కేలండర్‌ని వంటింటి తలుపు వెనక తగిలిస్తుంది. పాల లెక్క మాత్రం దాని మీదే రాస్తుంది.

"నువ్వు రాసేటోడివి కదా బేటా, ఈసారి తస్వీర్లు నువ్వే చూడు" అని మామూ శివకాశి ఆల్బం నా ముందేశాడు. కొత్త సాల్ ఆల్బంలు ఆగస్టుకల్లా వచ్చేస్తాయి. అన్నీ పచ్చిక మీద నిలబడ్డ జెర్సీ ఆవులు, సబ్బుతో కడిగినట్టున్న గొర్రెలు, వెనక మంచు కొండలు. ఈ కేలండర్ చూసేది ఎవరు? పొద్దున లేస్తే పేడ ఎత్తేవాళ్లు. సినిమా హీరోయిన్ ఫొటోలో ఝూట్‌ని మాఫ్ చేస్తారు గానీ పశువు ఫొటోలో చెయ్యరు.

మన ఇలాఖా జాన్వర్లే పెడదామన్నాను. జనవరికి ఒంగోలు ఎడ్లు, బండలాగుడు పోటీల మోజు ఆ నెల్లోనే. నెల్లూరు జోడిపి గొర్రె ఒకటి: తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ సుర్మా పెట్టుకున్నట్టు నలుపు. ఆదోని వైపు నల్ల ఉన్ని గొర్రెలు, కురువోళ్లు కంబళ్లు నేసేది ఆ ఉన్నితోనే. అసీల్ పుంజు. (మనం రోజూ అనే 'అసలు', ఈ 'అసీల్' ఒకే అరబ్బీ ఖాందాన్.) మేకపోతు బక్రీద్ నెలకు. హిజ్రీ సాల్ పది పదకొండు రోజులు పొట్టి కాబట్టి 2025లో జూన్ పేజీలో ఉన్న పోతు 2026లో మే పేజీకి జరగాలి. మంద కాసే కుక్కను మామూ ఒప్పుకోలేదు. అక్కడ నానీ మాటే చెల్లింది.

ఏప్రిల్‌కు కేసీ కాలువలో మునిగిన ఎనుములు కావాలన్నాడు మామూ, కళ్లకు చల్లగా ఉంటుందని. తవుడు కొనడానికొచ్చిన పెద్దాయన నవ్వాడు. "ఏప్రిల్లో కాలవలో నీళ్లెక్కడివి సాయిబూ?" ఎనుములు సెప్టెంబర్‌కు పోయాయి.

ఖాళీ అయిన ఏప్రిల్‌కు నేను పత్తికొండ దారిలో తీసిన ఎద్దును చూపించా. ముసలిది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మూపురం మీద ఎవరిదో చెయ్యి, మనిషి ఫొటోలో లేడు.

"దాణా అమ్మేవాడి కేలండర్లో బక్క ఎద్దా? దుకాణం బద్నాం చేస్తావా?"

కరువేడు సంతలో ఎద్దు సగం ధరకు పోతుంది. ఎక్కడికి పోతుందని అమ్మినోడు అడగడు. తన బువ్వ తగ్గించుకుని దాన్ని గాటన నిలబెట్టుకున్నోడు ఒకడుంటాడు. ఆ ఎముకల్లో నాకు కనిపించింది భూక్ కాదు, వాడి సబర్. అదే మామూతో అన్నాను. మామూ కళ్లద్దాలు పైకి తోసి ఆ చేతిని చాలాసేపు చూశాడు.

"సరే పెట్టు. కింద మన తవుడు రేటు పెద్ద హర్ఫుల్లో వెయ్యమను."