సువర్ణభూమిలో దిగాక...

విమానాశ్రయం పేరు సువర్ణభూమి. రోడ్ల పేర్లు రామా-1, రామా-4. నది ఒడ్డున గుడి పేరు వాట్ అరుణ్. వింటుంటే మన పొరుగూరే అనిపిస్తుంది. కానీ థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌లో తొలిసారి దిగిన కుటుంబానికి, సామాన్ల బండి తోసుకుంటూ బయటకు రాగానే గుండె దడ మొదలవుతుంది. 'టాక్సీ కావాలా?' అంటూ వెంటపడేవారిలో ఎవరిని నమ్మాలి?

ఎవరినీ నమ్మక్కర్లేదు. బోర్డులను నమ్మితే చాలు!

2006లో మొదలైన ఈ విమానాశ్రయం నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. భవనం అడుగున రైల్వేస్టేషన్. 2010లో వచ్చిన ఈ రైలు అరగంటలోపే ఫయాథాయ్ చేరుస్తుంది. టికెట్టు 45 బాట్లు. అక్కడ స్కైట్రైన్‌లోకి మారొచ్చు. దారిలో మక్కసాన్‌లో దిగితే మెట్రో దగ్గర. అర్ధరాత్రి దాటాక దిగినవారికి మాత్రం టాక్సీయే దిక్కు. కింది అంతస్తులో యంత్రం ఇచ్చే చీటీ తీసుకుని, అందులోని నంబరు దగ్గరున్న బండే ఎక్కాలి. మీటరు మీద విమానాశ్రయ రుసుమూ, టోలూ అదనం. హోటల్ పేరు థాయ్ లిపిలో రాయించి పెట్టుకుంటే డ్రైవరుకు చూపించడం తేలిక.

ఇక ఊళ్లో తిరగడం. బ్యాంకాక్ ట్రాఫిక్ పేరుమోసిందే. అందుకే 1999లో స్కైట్రైన్, 2004లో మెట్రో వచ్చాయి. రెండింటి టికెట్లూ వేర్వేరు. స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే పక్కనే పడవల రేవు. అక్కడినుంచి చావో ఫ్రయా నది మీదుగా రాజప్రాసాదానికి వెళ్లొచ్చు. 2019 నుంచి సనామ్‌చాయ్ మెట్రో స్టేషన్ కూడా అందుబాటులో ఉంది.

అసలు జాగ్రత్త ప్రాసాదం బయటే అవసరం. 'ఈరోజు పూజ ఉంది, మూసేశారు. చవగ్గా ఊరంతా తిప్పుతా' అంటూ టుక్‌టుక్ ఎక్కించేవారు ఎదురవుతారు. ఆ బండి చివరికి ఆగేది ఏ నగల దుకాణం ముందో, దర్జీ కొట్టు ముందో! మాట వినేసి వెనుదిరిగితే సగం రోజు పోయినట్టే. తిన్నగా గేటు దాకా వెళ్లి చూసుకోవాలి. లోపలికి వెళ్తే మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ 178 కుడ్యచిత్రాల్లో రామకథ. భుజాలూ మోకాళ్లూ కప్పే దుస్తులుంటేనే ప్రవేశం.

తిరుగు ప్రయాణంలో మరో చిక్కు. ఇక్కడ విమానాశ్రయాలు రెండు. రెండోది డాన్ ముయాంగ్. టికెట్టు మీద ఏది ఉందో చూసుకోకపోతే విమానం తప్పినట్టే. పైగా 'సువర్ణభూమి' అంటే డ్రైవరు బిక్కమొహం వేయొచ్చు. థాయ్ నోట అది 'సువన్నపూమ్'!

విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం. దేవతలు, రాక్షసులు, మధ్యలో విష్ణుమూర్తి. వచ్చిన రోజు అమ్మ కొంగు వదలని పిల్లలు, ఆ కథ ఒకరికొకరు చెప్పుకుంటూ అక్కడే ఫొటో దిగుతారు.